మండే రాయి, మా బొగ్గు బాయి

ఎస్టోనియా అంటే మా క్లాసులో ఎవరినడిగినా ఒకటే జవాబు: స్కైప్ కోడ్ రాసినవాళ్ళ దేశం, ఓటు కూడా ఆన్‌లైన్‌లో వేసే దేశం. నాకూ అంతే తెలుసు. పోయిన సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్టు కోసం కరెంటు ధరల డేటా వెతుకుతుంటే ఆ దేశం ఇంకో ముఖం కనబడింది. అంత డిజిటల్ దేశం ఏళ్ళ తరబడి రాయిని కాల్చి నడిచింది!

నిజంగా రాయే. ఇంగ్లీషులో ఆయిల్ షేల్ అంటారు. వాళ్ళ భాషలో దాని పేరుకి అర్థమే 'మండే రాయి'. 1916 నుంచి తవ్వుతున్నారు. రష్యా సరిహద్దులో, నార్వా ఊరి దగ్గర, సోవియట్ కాలంలో రెండు పెద్ద ప్లాంట్లు కట్టారు. దేశం మొత్తం జనాభా పదమూడు లక్షల పైచిలుకు. పదేళ్ళ కిందటి వరకూ వాళ్ళ కరెంటులో ఎక్కువ భాగం ఈ రాయిదే. కాలిస్తే దాదాపు సగం బూడిదే మిగులుతుంది. ఆ బూడిద పోసీ పోసీ అక్కడ గుట్టలే లేచాయి.

2013 జనవరి 1 నుంచి అక్కడ కరెంటు మార్కెట్ అందరికీ తెరిచారు. నార్డ్ పూల్ అనే ఎక్స్ఛేంజ్‌లో రోజూ రేపటి కరెంటుకి వేలం. మన భాషలో చెప్పాలంటే, ఆఫర్లన్నీ ధర ప్రకారం సార్ట్ చేసి, డిమాండ్ నిండేదాకా తక్కువ ధర నుంచి తీసుకుంటూ పోవడమే. చివరగా తీసుకున్న ఆఫర్ ధరే అందరికీ. మిగిలినవాళ్ళు ప్లాంటు ఆపుకుని కూర్చోవాలి.

రాయి ఇక్కడే దెబ్బతింది. ఒక మెగావాట్-అవర్ కరెంటుకి అది సుమారు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. యూరోపియన్ యూనియన్‌లో ఆ టన్నుకి పర్మిట్ కొనాలి. 2017లో పర్మిట్ ఐదారు యూరోలు. 2021 చివరికి ఎనభై దాటింది. లిస్టులో పైనుండే ప్లాంటు కిందికి జారిపోయింది. 2019 కల్లా ఎస్టోనియా కరెంటు అమ్మే దేశం నుంచి కొనే దేశంగా మారిపోయింది.

ఇంతవరకూ నాకు బాగానే అనిపించింది. పొగకి డబ్బు కట్టాల్సిందే కదా. కానీ 2022 ఆగస్టు 17 దగ్గర ఆగిపోయాను. ఆ సాయంత్రం ఒక గంటకి ధర మెగావాట్-అవర్‌కి 4000 యూరోలు! అంటే యూనిట్‌కి నాలుగు యూరోలు. యుద్ధం వల్ల గ్యాస్ ధర మండిపోతోంది, వేలంలో కరెంటు చాల్లేదు. వద్దనుకున్న పాత ప్లాంట్లే మళ్ళీ దిక్కయ్యాయి. 2024 క్రిస్మస్ రోజు ఫిన్లాండ్ నుంచి వచ్చే సముద్రపు కేబుల్ తెగింది. 2025 ఫిబ్రవరిలో రష్యా గ్రిడ్ నుంచి విడిపోయి యూరప్ గ్రిడ్‌లో కలిశారు. అది జరిగేటప్పుడు సొంత ప్లాంటు విలువేంటో వాళ్ళకి బాగా తెలుసు.

నా అభిప్రాయం ఇదీ. మార్కెట్ అబద్ధం చెప్పలేదు. అయితే దానికి రేపటి ధరే తెలుసు, పదేళ్ళ తర్వాతి ఊరు తెలీదు. పాతది మూయడానికి ఒక చెడ్డ సంవత్సరం చాలు. కొత్తది కట్టడానికి, మనుషులకి ఇంకో పని నేర్పడానికి పదేళ్ళు పడుతుంది. ఈ మధ్య కాలాన్ని చూసుకోవాల్సింది వేలం కాదు, ప్రభుత్వం.

నేనెందుకింత పట్టించుకుంటున్నానంటే, మా నాన్న వాళ్ళది బెల్లంపల్లి. తాత బాయి పని చేశాడు. అక్కడి బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మొన్న సెలవుల్లో నానమ్మకి ఈ మండే రాయి సంగతి చెబితే, 'మూసినంక ఆ ఊరోళ్ళు ఏం జేస్తున్నరు మరి?' అనడిగింది. నా స్ప్రెడ్‌షీట్‌లో ఆ కాలమ్ లేదు. 'బాయి బందైనంక బజారు సుత బందైంది బిడ్డా, ఆఖరికి మీ నాయన గూడ ఊరిడిసిండు' అంది. మా నాన్న హైదరాబాద్ వచ్చాడు కాబట్టే నేను ఇంగ్లీష్ మీడియంలో చదివాను. అది నాకు మంచే జరిగింది. ఊరికి మాత్రం కాదు.

మా రూమ్మేట్ అంటాడు, 'మన దగ్గర బొగ్గు చౌక, కార్బన్ పర్మిట్ గోల లేదు, అప్పటిదాకా ఎందుకు టెన్షన్?' ఎస్టోనియాలో కూడా ఐదు యూరోలప్పుడు ఇలాగే అనుకుని ఉంటారు. నాలుగేళ్ళలో లెక్క తిరగబడింది. వాళ్ళకి కనీసం గని ప్రాంతానికి యూరోపియన్ యూనియన్ నిధి వచ్చింది. మనకి ఎవరిస్తారు?

సింగరేణిలో ఒకప్పుడు లక్ష మందికి పైగా పనిచేసేవాళ్ళు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. కాబట్టి మార్పు ఎప్పుడో మొదలైంది. బొగ్గు ఆపాలా వద్దా అని డిబేట్ పెట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు. బాయి లాభాల్లో ఉన్నప్పుడే, ఆ డబ్బుతోనే, అదే ఊళ్ళో ఇంకో పని మొదలుపెట్టాలి. మూసే తేదీ కంటే ముందు కొత్త పని తేదీ ప్రకటించాలి.

ప్రాజెక్టుకి మార్కులు బాగానే వచ్చాయి. నానమ్మ అడిగినదానికి మాత్రం ఇంకా జవాబు వెతుకుతున్నాను. గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం నుంచి వచ్చినవాళ్ళు మన క్యాంపస్‌లో చాలామందే ఉన్నారు. మీ ఇంట్లో ఏమంటున్నారో రాయండి.