‘మనిషి’ అన్న మాటలో మనం ఉన్నామా?

“ఇన్ని సమస్యలుండగా జర్మన్ తత్వశాస్త్రం మనకెందుకు?” అని సంఘంలో మిత్రులు నన్ను అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఒక కమ్మరితో మొదలవుతుంది.

ప్రతి మనిషికీ గౌరవం ఉందని, ఎవరినీ కేవలం పనిముట్టుగా వాడుకోకూడదని వాదించినవాడు ఇమాన్యుయేల్ కాంట్. హక్కుల గురించి మనం మాట్లాడే భాషలో ఆయన వాటా చాలానే ఉంది. అదే కాంట్ 1797లో రాసిన పుస్తకంలో పౌరుల్ని రెండుగా విడగొట్టాడు. ఓటున్న క్రియాశీల పౌరులు ఒక రకం. బతుకుతెరువుకి ఇంకొకరి మీద ఆధారపడిన, ఓటు లేని నిష్క్రియ పౌరులు రెండో రకం. ఈ రెండో జాబితాలో ఇంటి నౌకర్లున్నారు, పెరట్లో కట్టెలు కొట్టే కూలీ ఉన్నాడు. సమ్మెట, దాగలి, తిత్తి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పనిచేసే ఇండియా కమ్మరి కూడా ఉన్నాడు! యూరపు కమ్మరి తాను చేసిన వస్తువును బజార్లో అమ్ముకుంటాడు కనుక పూర్తి పౌరుడు. మన కమ్మరి తన శ్రమనే అమ్ముకుంటాడు కనుక కాడు.

ఆ జాబితాలోనే ‘స్త్రీలందరూ’ అని ఉంది. కమ్మరి విషయంలో కనీసం పోలిక చెప్పాడు. స్త్రీల విషయంలో ఆ శ్రమ కూడా తీసుకోలేదు.

“ఆ కాలం అలాంటిది” అంటారు. నేనొప్పుకోను. కాంట్ ఊరు కోనిగ్స్‌బర్గ్‌కు మేయరుగా ఉన్న ఆయన మిత్రుడు హిప్పెల్, స్త్రీలకు పౌరహక్కులివ్వాలని 1792లోనే పుస్తకం రాశాడు, పేరు పెట్టుకోకుండా. స్త్రీకి ఉన్నతవిద్య ఎందుకు కావాలో అమాలియా హోల్‌స్ట్ 1802లో రాసింది. ఆమె పుస్తకం 2023లో ఇంగ్లీషులోకి వచ్చింది. అంటే ఆ కాలంలోనూ వేరే గొంతులున్నాయి. వాటిని వినిపించనివ్వలేదు, అంతే. ప్రష్యా విశ్వవిద్యాలయాలు స్త్రీలను విద్యార్థులుగా చేర్చుకున్నది 1908లో!

ఈ గొంతుల్ని తవ్వితీస్తున్నవారిలో ఇప్పుడు చాలామంది స్త్రీలే. కాంట్ ‘మనిషి’ అన్నచోటల్లా ఆడా మగా ఇద్దరూ ఉన్నారని అనుకోవద్దని, అలా సర్ది చదివితే అసలు వివక్ష కనపడకుండా పోతుందని పౌలీనా క్లైన్‌గెల్డ్ 1993లో హెచ్చరించింది. ఎవరైనా నిష్క్రియ స్థితి నుంచి క్రియాశీల స్థితికి ఎదిగే వీలుండాలని కాంటే అన్నాడు కదా, ఆ దారి స్త్రీలకూ తెరిచే ఉందని హెల్గా వార్డెన్ వాదన. ఆమె పుస్తకం 2020లో వచ్చింది. జోర్డన్ పాస్కో 2022లో ఇంకో వైపు నుంచి వచ్చింది. ఆ ‘స్వతంత్ర’ పౌరుడి స్వాతంత్ర్యం అతని ఇంట్లో జరిగే చాకిరీ మీదే నిలబడిందని ఆమె చూపించింది. కాంట్ పుట్టి మూడువందల ఏళ్లయిన 2024లో బాన్ నగరంలో అంతర్జాతీయ మహాసభ జరిగింది. ఆయన్ని పొగిడి పూలదండ వేసి వదిలేయకుండా ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్లుండటం నాకు నచ్చుతుంది.

నేను పాస్కో వైపే. ఎదిగే దారి ఉంటే చాలదు. ఒక స్త్రీ ఉద్యోగానికి వెళ్తే ఆ ఇంట్లో అంట్లు తోమేది ఇంకో స్త్రీ. ఆమె ఎదిగే దారి ఏది? చాకిరీకి లెక్క లేనంతకాలం ఒకరి స్వాతంత్ర్యం ఇంకొకరి నడుం మీదే నిలబడుతుంది.

ఇది జర్మనీ గొడవ మాత్రమే కాదు. మనకు తొలి సాధారణ ఎన్నికల నుంచీ ఓటుంది. అయినా 2011 జనాభా లెక్కల్లో కూడా, ఇంటిపని తప్ప వేరే పని లేని స్త్రీని ‘పని చేయనివారి’ కిందే రాశారు. తెల్లారకముందే లేచి, అందరూ తిన్నాక తిని, అందరూ పడుకున్నాక పడుకునే మనిషి పని చేయడం లేదట! ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో ఇక్కడ కూడా తలకిందులుగానే రాసుకుంటున్నాం.

అందుకే ఈ చదువు మనకూ కావాలి. చట్టంలో, పథకంలో, మన సంఘాల తీర్మానాల్లో ‘ప్రతి ఒక్కరూ’, ‘పౌరులు’, ‘కార్మికులు’, ‘రైతులు’ అన్న మాట కనపడగానే ఆగి అడుగుదాం: ఈ మాటలో ఎవరున్నారు? ఎవరు లేరు? లేనివాళ్ల చాకిరీ మీద ఉన్నవాళ్లు ఎంతమంది? కాంట్ ఇచ్చిన గౌరవమనే కొలబద్దను వదులుకోనక్కర్లేదు. దాంతో ముందు కాంట్‌నే కొలుద్దాం, తర్వాత మన చట్టాల్ని, మన ఇళ్లని.