దెయ్యం పేరుతో దెబ్బలు

“చెవిలో మాటలు వినిపించడం దుష్టశక్తి పని, దానికి ఆసుపత్రిలో మందు లేదు” అని మొన్న టీవీలో ఓ స్వామి సెలవిచ్చారు. యాంకరమ్మ భక్తిగా తల ఊపింది.

ఆ మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయో వెతికినవాళ్లున్నారు స్వామీ! 1993లో లండన్‌లో మెగ్వైర్ బృందం స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్న రోగుల మెదడులో రక్తప్రసరణను కొలిచింది. గొంతులు వినిపిస్తున్నప్పుడు ఒకసారి, తగ్గాక మరోసారి. వినిపిస్తున్న వేళ బ్రోకా ప్రాంతంలో రక్తప్రసరణ పెరిగింది. మనం మాట్లాడటానికి తోడ్పడేది ఆ భాగమే. 1999లో డీర్క్స్ బృందం అలాంటి రోగులకు గొంతులు వినిపిస్తున్నప్పుడు ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్ తీస్తే, బయట మాట్లాడేవాళ్లెవరూ లేకున్నా మెదడులో శబ్దాన్ని గ్రహించే భాగం చురుకైంది. అంటే రోగి నటించడం లేదు, నిజంగానే వింటున్నాడు. తన లోపలి మాటను మెదడు తనదిగా పోల్చుకోలేకపోతోందని చాలామంది పరిశోధకుల అంచనా. తెలుగువాళ్లను పట్టిన దెయ్యం చక్కగా తెలుగులోనే తిట్టడంలో వింతేముంది?

మా చిన్నప్పుడు మా వీధిలో ఒక కొత్త కోడలికి ఎవరో తిడుతున్నట్టు వినిపించేది. గాలి సోకిందన్నారు. భూతవైద్యుడొచ్చాడు. నిప్పుల మీద ఎండుమిరపకాయలు పోసి, జుట్టు పట్టుకుని ఆ పొగలోకి ముఖం వంచాడు. “ఎవతివే నువ్వు, చెప్పు!” అంటూ వేపమండతో బాదాడు. పాపం, ఆమె దగ్గుతూ తన పేరే చెప్పింది. అది దెయ్యం జిత్తులన్నారు, ఇంకో నాలుగు తగిలించారు. వాంతి చేసుకుంటే దిగిపోయిందని సంబరపడ్డారు. మర్నాటికి గొంతులు తిరిగొచ్చాయి. దక్షిణగా ఇచ్చిన కోడి మాత్రం తిరిగి రాలేదు.

మతం మారినంత మాత్రాన ఈ క్రౌర్యం మారదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా మహిమను నమ్మి తెచ్చిన మానసిక రోగులను ఉంచిన పాక అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోయేదెలా? 28 మంది చనిపోయారు.

“స్కానింగులో స్కిజోఫ్రీనియా తేలుతుందా?” అని భక్తులు ఎదురడుగుతారు. ఇంకా తేలదు, డాక్టరు రోగితో, ఇంట్లోవాళ్లతో మాట్లాడే నిర్ధారిస్తాడు. కానీ మందులు 1950ల నుంచీ ఉన్నాయి, చాలామందికి గొంతులు తగ్గిస్తున్నాయి. మిరపపొగ ఎవరికి తగ్గించిందో ఏ స్వామీ చూపలేదు.

మానసిక రోగిని ఏ విధంగానూ గొలుసులతో కట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. మీ ఇంట్లో ఎవరికైనా గొంతులు వినిపిస్తుంటే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఎటు వెళ్లాలో తెలియకపోతే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. వేపమండ పట్టుకొచ్చినవాణ్ణి గడప తొక్కనివ్వకండి.