కృతనాశం, అకృతాభ్యాగమం: గ్వాంటనామో విషయంలో ఒక విచారణ

ఆతతాయికి విచారణ ఏమిటని అడిగేవారు మన సత్సంగాలలో తక్కువేమీ కాదు. ఇంటికి నిప్పు పెట్టేవాడినీ, విషం పెట్టేవాడినీ, ఆయుధపాణియై మీదికి వచ్చేవాడినీ సంశయించక సంహరించవచ్చునని స్మృతి అనుజ్ఞ ఇచ్చినది కదా, గ్వాంటనామో బందీలు అట్టివారే కదా, ఆ శిబిరాన్ని మూసివేయాలని వేదాధ్యయనం చేసినవారు వాదించడమేమిటి అని వారి ఆక్షేపణ. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు ఆస్తికులలో కూడ ఈ వాదం బలంగా వినిపిస్తున్నది. దీనికి సమాధానం చెప్పక తప్పదు.

ఆ అనుజ్ఞ ఆపత్కాలానికి చెందినది. ఎత్తిన కత్తి తలమీద పడబోయే క్షణంలో ధర్మాధికరణానికి పరుగెత్తే అవకాశం లేదు కనుక శాస్త్రం ఆత్మరక్షణకు దారి ఇచ్చినది. కత్తి నేల రాలి, చేతులకు సంకెళ్ళు పడిన మరుక్షణం అతడు ఆతతాయి కాడు, బద్ధుడు. బద్ధుని విషయంలో రాజు పాటించవలసిన ధర్మం వేరు. శాంతిపర్వంలో భీష్ముడు యుద్ధధర్మం చెప్పేటప్పుడు శస్త్రం విడిచినవానికీ, ఓడి చేజిక్కినవానికీ ఇచ్చిన రక్షణను మరచి, స్మృతిలోని ఒక్క వాక్యాన్ని మాత్రం పట్టుకొనడం శాస్త్రార్థం కాదు. శాస్త్రాన్ని సాకుగా వాడుకోవడం.

ఇప్పుడు ఆ శిబిరం సంగతి. 2002 జనవరి 11న తొలి ఇరువది మంది బందీలను అక్కడికి తెచ్చారు. క్రమంగా సుమారు 780 మందిని ఉంచారు. 1903లో క్యూబా నుండి కౌలుకు తీసుకున్న నౌకాస్థావరమది. స్వదేశంలో ఇన్ని కారాగారాలు ఉండగా ఆ తీరమే ఎందుకు? అది అమెరికా అధీనంలోనిదే గాని అమెరికా భూభాగం కాదు గనుక న్యాయస్థానాల చేయి అక్కడికి చాచదని నాటి పాలకుల ఊహ. ధర్మాసనానికి అందని స్థలాన్ని వెదకి ఖైదు కట్టినవాని మనస్సులో ఏమున్నదో వేరే చెప్పనక్కరలేదు. వారి సుప్రీంకోర్టు 2004లోను, మరల 2008లోను ఆ ఊహను త్రోసిపుచ్చి, తమ నిర్బంధాన్ని న్యాయస్థానంలో ప్రశ్నించే హక్కు బందీలకు ఉన్నదని తీర్పు చెప్పినది. ఆ మేరకు ఆ దేశపు న్యాయమూర్తులను ప్రశంసించవలసినదే.

యాజ్ఞవల్క్యుడు వ్యవహారానికి నాలుగు పాదాలు చెప్పాడు. అభియోగం లిఖించడం భాషాపాదం, ప్రతివాది సమాధానం ఉత్తరపాదం, సాక్ష్యప్రమాణాలు క్రియాపాదం, చివరిది నిర్ణయం. గ్వాంటనామో బందీలలో అత్యధికులకు మొదటి పాదమే దక్కలేదు. ఏ నేరం చేశావని చెప్పకుండ సంవత్సరాల తరబడి ఉంచి, తరువాత ఏ వివరణా లేకుండ పంపివేశారు. తొమ్మండుగురు అక్కడే మరణించారు.

మాండవ్యమహర్షి వృత్తాంతం మన పాఠకులకు తెలిసినదే. మౌనవ్రతంలో ఉన్న మునియొక్క ఆశ్రమంలో దొంగలు సొమ్ముతో సహా దాగారు. రాజభటులు విచారించక మునిని కూడ శూలానికి ఎక్కించారు. దొంగలతో పాటు దొరికాడు కనుక దొంగే అన్నది వారి తర్కం. తక్కువ మంది గమనించేది మరొకటి ఉన్నది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నేరవిచారణ చెప్పేచోట ఇదే మాండవ్యుని ఉదాహరించాడు. హింసకు భయపడి దొంగ కానివాడు కూడ దొంగనని ఒప్పుకొంటాడు, కనుక దృఢమైన ప్రమాణం కావాలి అని అక్కడి భావం. కౌటిల్యుడు మృదుస్వభావి కాడు. కొన్ని సందర్భాలలో విచారణలో హింసను అనుమతించినవాడే. హింసతో రాబట్టిన మాటకు విలువ లేదని అట్టివాడే హెచ్చరించాడంటే, అది కరుణతో చెప్పిన మాట కాదు, రాజ్యనిర్వహణ తెలిసినవాడు చెప్పిన మాట.

మారిటేనియా దేశస్థుడు మహమ్మదూ ఊల్ద్ స్లాహి 2001లో పోలీసులు పిలువగా తానే వెళ్ళాడు. తరువాత గ్వాంటనామోకు చేరాడు. నిద్ర లేకుండ చేసి, కొట్టి, నీ తల్లిని కూడ ఇక్కడికి తెస్తామని బెదరించగా, టొరంటోలోని ఒక గోపురాన్ని కూల్చే కుట్ర చేశానని ఒప్పుకున్నాడు. అట్టి కుట్రే లేదు. అతనిపై అభియోగం నడపవలసిన సైనిక న్యాయవాది ఆ సాక్ష్యం హింసవలన వచ్చినదని తెలిసి తప్పుకున్నాడు. 2016లో స్లాహిని విడుదల చేశారు. పదునాలుగు సంవత్సరాలలో అతనిపై ఒక్క అభియోగమూ లేదు.

ఇక నిజంగా ఘోరం చేసినవారి సంగతి. 2001 సెప్టెంబరు 11న దాదాపు 3,000 మంది నిరపరాధులు హతులైనారు. ఆ దుర్మార్గానికి సూత్రధారిగా చెప్పబడిన ఖాలిద్ షేక్ మొహమ్మద్ 2003 మార్చిలో పట్టుబడ్డాడు. నిఘాసంస్థ రహస్యస్థావరంలో ఆ ఒక్క నెలలో అతనిని 183 పర్యాయాలు వాటర్‌బోర్డింగ్‌కు, అనగా ముఖంమీద గుడ్డ కప్పి నీరు పోసి ఊపిరాడకుండ చేసే హింసకు గురిచేశారు. 2006లో గ్వాంటనామోకు తెచ్చారు. అప్పటినుండి వ్యాజ్యం సాగుతూనే ఉన్నది. ఏ సాక్ష్యం చెల్లుతుంది, ఏది హింసాదూషితం అనే వాదమే తెగడం లేదు. 2024 జూలై 31న నేరాంగీకార ఒప్పందం కుదిరినదని ప్రకటించి, రెండు దినాలలో రక్షణమంత్రి దానిని ఉపసంహరించాడు. భర్తను, బిడ్డను కోల్పోయినవారు రెండు దశాబ్దాలు దాటినా తీర్పు వినలేదు. ఇందులో ఎవరికి మేలు జరిగినది?

మన దర్శనకారులు కర్మసిద్ధాంతంలో రెండు దోషాలు రాకూడదని పట్టుబట్టారు. చేసిన కర్మకు ఫలం రాకపోవడం కృతనాశం. చేయని కర్మకు ఫలం అనుభవించవలసి రావడం అకృతాభ్యాగమం. ఈశ్వరుని విషయంలోనే ఈ దోషాలను అంగీకరించని మనం, ఒక రాజ్యం విషయంలో అంగీకరిస్తామా? చేసినవానికి తీర్పు లేదు, చేయనివానికి చెర తప్పలేదు. ఒకే ప్రాకారంలో రెండు దోషాలూ కాపురమున్నాయి.

విడుదలైనవారు మరల ఆయుధం పట్టరా అని అడుగుతారు. కొందరు పట్టారు. అమెరికా ప్రభుత్వ నివేదికలే ఆ మాట చెప్పాయి, దాచవలసిన పని లేదు. కాని రేపు చేయబోయే పాపానికి నేడు దండం అంటే అది అకృతాభ్యాగమానికి నిర్వచనమే. ఆ న్యాయం ఒప్పుకుంటే ఏ మనుష్యుడు నిర్బంధార్హుడు కాడు? భయం ఉన్నచోట నిఘా ఉంచవచ్చు, ప్రమాణం ఉన్నచోట అభియోగం మోపవచ్చు. ఈ రెండూ రాజధర్మంలోనివే.

మూసివేయాలనేవారిని కూడ ఒక మాట అడగవలసి ఉన్నది. 2009 జనవరి 22న అధ్యక్షుడు ఒబామా ఏడాదిలోగా మూసివేయాలని ఆజ్ఞాపించాడు. నాడు మిగిలిన 240 మంది విషయం పరిశీలించిన బృందం 126 మందిని పంపివేయవచ్చునని, 36 మందిపై అభియోగం నడపవచ్చునని, 30 మంది యెమెన్ దేశస్థులను పరిస్థితులను బట్టి పంపవచ్చునని తేల్చినది. మిగిలిన 48 మందిని విచారించనూ లేము, విడువనూ లేము అన్నది. వారిని ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక కారాగారానికి మార్చాలని ఆలోచన. కాంగ్రెస్ అడ్డుపడినది. అడ్డుపడకపోతే ఏమై ఉండేది? క్యూబా తీరంలోని అధర్మం ఇల్లినాయ్ పొలాల మధ్యకు వచ్చి ఉండేది. పాముపుట్టను తవ్వి పామును పెరటిలో వదలినట్లు. గోడలను మూయడం మూయడం కాదు, ఆ 48 అనే వర్గాన్నే రద్దుచేయాలి.

అయితే గోడలు కూడ మిగలరాదు. 2018లో అధ్యక్షుడు ట్రంప్ శిబిరాన్ని కొనసాగించమని ఆజ్ఞ ఇచ్చాడు. 2025 జనవరిలో అదే స్థావరంలో 30,000 మంది వలసదారులను ఉంచే ఏర్పాట్లు చేయమన్నాడు. ఖాళీ చెర కొత్త బందీలను ఇలాగే వెదకికొంటుంది.

2025 జనవరిలో పదకొండుగురు యెమెన్ దేశస్థులను ఒమాన్‌కు పంపిన పిమ్మట అక్కడ 15 మంది మిగిలారు. ఇద్దరు శిక్షితులు. ఏడుగురు సైనిక న్యాయసభల ప్రక్రియలో ఉన్నారు. ముగ్గురిని పంపవచ్చునని నిర్ణయించి కూడ పంపలేదు. తక్కిన ముగ్గురిపై అభియోగమూ లేదు, విడుదలా లేదు. వారిలో అబూ జుబైదా 2002 మార్చిలో పట్టుబడ్డాడు. అమెరికా పౌరులైన మన ఆస్తికులు తమ కాంగ్రెస్ సభ్యునికి ఉత్తరం వ్రాయదలిస్తే, మూస్తారా అని కాదు, ఆ ముగ్గురికి భాషాపాదం ఎప్పుడు వినిపిస్తారు అని అడగండి. వినిపించగల నేరం లేకపోతే ఏ దేశానికి, ఏ తేదీన పంపుతారో అడగండి.