విడిభాగము కొనుటకు ముందు

2023 అక్టోబరు 30వ తేదీనుండి ముంబాయి వీధులలో ప్రీమియర్ పద్మినీ టాక్సీ తిరుగుట మానినది. చిట్టచివరి పద్మినీ టాక్సీ 2003 అక్టోబరు 29న మన పొరుగుననే యున్న తాడ్‌దేవ్ రవాణా కార్యాలయములో నమోదైనది. టాక్సీలకు విధించిన 20 సంవత్సరముల గడువు దానికిని తీరిపోయినది. పత్రికలు ఆ నలుపు పసుపు బండికి ఘనముగా వీడ్కోలు పలికినవి. అయితే టాక్సీ పోయినంత మాత్రమున పాత కారు పోలేదు. సొంత కారునకు 15 ఏండ్లు నిండిన పిమ్మటను, తనిఖీలో నెగ్గినచో, నమోదును అయిదేసి సంవత్సరములకు పొడిగించుకొనవచ్చును. కామాటిపుర గల్లీలలోను, వర్లీ చాళ్ళలోను పాత పద్మినీయో, పాత మారుతి 800యో గల కుటుంబములు మనలో ఇంకను ఉన్నవి. ఈ వారము మేము వ్రాయునది వారిని గూర్చి.

పాత కారు వారికి వేడుక వస్తువు కాదు. ముసలివారిని ఆసుపత్రికి చేర్చుటకును, దుకాణమునకు సరకు తెచ్చుటకును అక్కరకు వచ్చునని ఉంచుకొన్నారు. అట్టి బండి ఒక ఉదయము కదలనని మొరాయించినచో జరుగునదేమి? మిస్త్రీ వచ్చి కాయిలు మార్చుమనును. మరునాడు పెట్రోలు పంపు, ఆ మరునాడు బ్యాటరీ. ఓపెరా హౌసు దుకాణములకును చోర్ బజారునకును తిరిగి తిరిగి సొమ్మంతయు వ్రయమైన పిదప, ఒక తీగ వదులైనదని తేలును. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట యనగా ఇదియే.

ఇందు మిస్త్రీని మాత్రమే నిందించుట న్యాయము కాదు. బండి గలవాడు ఏమియు చూడక, ఏమియు వినక, “నడుచుట లేదు” అను ఒక్క మాటతో తాళపుచెవి చేతబెట్టుచున్నాడు. వైద్యునియొద్దకు పోయి “ఒంట్లో బాగులేదు” అని పలికి ఊరకుండు రోగికిని ఇతనికిని భేదమేమి? రోగము తెలిసికొనక ముందు విడిభాగము కొనరాదు. ఆ రోగమును తెలిసికొను పనిలో సగమైనను బండి గలవాడే చేయదగును. ఇది మా నిశ్చితాభిప్రాయము.

ఈ పని మహావిద్య కాదు. 1964లో ఫియట్ 1100 డిలైట్ అను పేరుతో కుర్లా కర్మాగారమునుండి వెలువడి, తరువాత పద్మినీ యైన ఆ బండి ఇంజను 1089 సి.సి.లది, నాలుగు సిలిండర్లు. దానికి కావలసినవి సరియైన సమయమునకు నిప్పురవ్వ, పెట్రోలు, గాలి. వీనిలో లోపించినదేదో ముందు చెవి చెప్పును. తాళపుచెవి త్రిప్పగానే టకటకమని చప్పుడై దీపములు మసకబారినచో దోషము బ్యాటరీలోనో దాని కొనలలోనో కలదు. కొనలమీద తెల్లగా, పచ్చగా పేరుకొన్న బూజును గోరువెచ్చని నీటిలో తినుసోడా కలిపి కడిగి, ఆరబెట్టి, గట్టిగా బిగించినచో పెక్కు మారులు అంతటితో తీరును. బ్యాటరీని విప్పునప్పుడు మాత్రము ముందు మైనసు తీగను తీసి, తిరిగి బిగించునప్పుడు దానినే చివరకు తగిలింపవలెను. ఇంజను చురుకుగా తిరుగుచునే అంటుకొనకున్నచో బ్యాటరీని దూషింపకుడు. నిప్పురవ్వనో పెట్రోలునో వెదకుడు.

నిప్పురవ్వ సంగతి వానకాలములో ముఖ్యముగా తెలియవలెను. మన కామాటిపుర ఒకప్పటి పల్లపు నేల. పని కొరకు వచ్చిన కామాటుల పేర వెలసిన ఈ పేట జూలై వానలో ఎట్లుండునో వేరుగ చెప్పనేల? రాత్రియంతయు తడిసిన బండిలో డిస్ట్రిబ్యూటరు మూతలోపల చెమ్మ చేరును. ఆ మూతను విప్పి, పొడిగుడ్డతో లోపలను, ప్లగ్గుతీగలను తుడిచినంతనే ప్రాణము వచ్చిన బండ్లు ఎన్నియో! మూతక్రింద నుండు పాయింట్లు నల్లబడి గుంటలు పడినవేమో అప్పుడే చూడవచ్చును. వాని నడుమ సందు అర మిల్లీమీటరుకన్న కొంచెము తక్కువ. ఇక నీరు ఇంజనులోనికే పోయినదను అనుమానమున్నచో తాళపుచెవి త్రిప్పనే త్రిప్పరాదు. 2005 జూలై 26న శాంతాక్రజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసిన నాటి వరదవంటిది వచ్చినప్పుడు, సిలిండరులో నీరుండగా ఇంజను త్రిప్పినచో కనెక్టింగు రాడ్డే వంగిపోవచ్చును. గాలికి వలె నీటికి అణగు గుణము లేదు గదా.

ప్లగ్గును విప్పి చూచుట నాడి చూచుటవంటిది. లేత గోధుమరంగున నున్నచో కుశలము. పొడిమసి పట్టినచో పెట్రోలు పాలు ఎక్కువ, లేదా గాలి వడపోత మూసికొన్నది. నూనెతో జిడ్డైనచో ఇంజనులోపలి రింగులో, వాల్వు సీళ్ళో అరిగినవి. పొగయు ఇట్లే సాక్ష్యము చెప్పును: నీలిపొగ నూనె కాలుట, నల్లపొగ పెట్రోలు మించుట. ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లపొగ ఆగక, రేడియేటరులో నీరు తరుగుచు, నూనె చిలికిన మజ్జిగవలె కనబడినచో హెడ్డు గ్యాస్కెట్టు పోయినదని అనుమానింపవలెను. ఇక బండిని నడుపక మిస్త్రీని పిలువవలెను.

పెట్రోలు సంగతికి వచ్చినచో మేము కొంత గట్టిగా పలుకవలసియున్నది. నడియెండలో ఆగిన పద్మినీ పంపుమీద తడిగుడ్డ కప్పి, కొంతసేపు నిరీక్షించు టాక్సీవానిని ఈ నగరములో చూడనివారు అరుదు. అది మూఢాచారము కాదు. వేడికి పెట్రోలు ఆవిరియై పంపు దానిని లాగలేకపోవును, చల్లబడినంతనే లాగును. కార్బరేటరు జెట్టులో నలుసు చేరుటయు సామాన్యమే. మిస్త్రీలు దానిని “కచరా” అందురు, మనవారును ఆ మాటనే వాడుచున్నారు. అయితే నేడొక క్రొత్త చిక్కు వచ్చినది. బంకులలో లభించు పెట్రోలులో ఇప్పుడు నూటికి 20 పాళ్ళవరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు చెమ్మను పీల్చును. దానిని దృష్టిలో నుంచుకొనక చేసిన పాత రబ్బరును ఉబ్బించి, పగుల్చును. కొన్ని పాత బండ్లలో దీర్ఘకాలపు వాడుక పిమ్మట రబ్బరు భాగములు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చునని పెట్రోలియము మంత్రిత్వశాఖయే 2025లో ఒప్పుకొన్నది. కావున ఇతర భాగములకు తొందరపడవలదన్న మేమే, పగిలిన పెట్రోలు గొట్టమును మాత్రము నాడే మార్పింపుడని చెప్పుచున్నాము. ఇథనాలునకు తాళు గొట్టమును అడిగి తీసికొనుడు.

ఏలయన మనకు “ఇంటివద్ద” అనగా గల్లీ అంచు. బంగళాలో నున్నవానికి వేరుగ షెడ్డు కలదు. మన బండికి మూడడుగుల దూరములో పొరుగింటి గ్యాసు సిలిండరు, దాని పైన కొయ్యమెట్లు, గడపలో అగరువత్తి, ప్రక్కన బీడీ కాల్చుచు సలహా చెప్పు పెద్దమనిషి. (ఈ చివరివాడు లేని మరమ్మతును మేమింతవరకు చూచియుండలేదు.) పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది, నేలబారున ప్రాకి ఎక్కడి నిప్పునో అందుకొనును. పెట్రోలు మంటపై నీరు పోసినచో అది మరింత వ్యాపించును. ఇసుక బకెట్టో, పొడి చల్లు ఆర్పు యంత్రమో దగ్గర నుండవలెను. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినట్లు అప్పుడు వెదకిన లాభమేమి? బ్యాటరీ కొనలు, ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటరు మూత, గాలి వడపోత, నూనె, ఫ్యాను బెల్టు, చల్లారిన పిమ్మట రేడియేటరు నీరు — ఇవి గల్లీలో చూచుకొనవచ్చును. ట్యాంకు విప్పుటయు, కార్బరేటరు కడుగుటయు గల్లీలో చేయదగవు. ఇరువది రూపాయలు మిగుల్చుకొనుటకై ఇరువది గదులను పణముగా పెట్టు హక్కు ఎవరికిని లేదు. ఇంజెక్షను పద్ధతి గల తరువాతి కార్లలో పెట్రోలు గొట్టమునందు ఒత్తిడి మెండు. దానిని ఇంటివద్ద తాకనే తాకరాదు.

మరియొక మాట. చెవితో ఇంజను రోగము కనిపెట్టు మిస్త్రీలు మనవారిలో వృద్ధులగుచున్నారు. వారి పిల్లలు కంప్యూటరు తగిలించి దోషము చదువు కార్లవద్ద పని నేర్చుచున్నారు, అది సహజమే. అయినను ఈ వృద్ధుల కెరుకయైనది తెలుగున ఎచ్చటను వ్రాసి మాకు కనబడలేదు. సంఘసభ్యులలో ఎవరైనను ఒక ఆదివారము అట్టి పెద్దయొద్ద కూర్చుండి, బండి ఏ చప్పుడు చేసినచో ఆయన మొట్టమొదట ఎచ్చట చేయి పెట్టునో అడిగి వ్రాసికొనిరండు. ఆయన పలికిన మాటలలోనే వ్రాయుడు, హిందీ వచ్చినను మరాఠీ వచ్చినను దిద్దకుడు. దానిని ఈ పుటలలో వారము వారము ప్రకటింతుము.