స్కాన్ బాగుందంటే సరిపోయిందా?

శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద రణస్థలం దగ్గరో, భోగాపురం దగ్గరో ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. బండి నడిపే ఆయన పోలీసుల భయానికైనా హెల్మెట్ పెట్టుకుని ఉంటాడు. వెనక ఒకవైపు కాళ్లు వేసుకుని, ఒళ్లో పిల్లాణ్ణి పట్టుకుని కూర్చున్న ఆవిడ తలమీద పూలచెండు తప్ప ఏమీ ఉండదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనక కూర్చున్నవారికీ వర్తిస్తుందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టదు.

తలకు దెబ్బ తగిలితే ఆడవాళ్లే బాగా తట్టుకుంటారని ఓ ఆశ చాలాకాలం ఉండేది. ఊరికే పుట్టింది కాదది. మెదడు దెబ్బతిన్న ఎలుకల్లో ఆడవి మెరుగ్గా కోలుకోవడం అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ స్టీన్ గమనించారు. ప్రొజెస్టెరాన్ హార్మోను చలవేమో అనుకున్నారు. దాన్నే మందుగా మనుషులకు ఇచ్చి చూశారు. ఒక పరీక్షలో 882 మంది, మరోదాంట్లో 1,195 మంది. 2014 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. మందు పేరుతో ఉత్తిది ఇచ్చినవారికీ వీరికీ తేడా లేదు!

పెద్ద దెబ్బల్లో ప్రాణం దక్కే విషయంలో ఆడామగా తేడా గురించి పరిశోధనలు ఒక్కమాట మీద లేవు. 'చిన్న దెబ్బే' అనిపించుకున్న వాటి సంగతి వేరు. అమెరికాలో అలాంటి 2,000 మందిని ఏడాదిపాటు గమనించి 2021లో ప్రకటించారు. తలనొప్పి, మతిమరుపు వంటి బాధలు ఆడవాళ్లనే ఎక్కువగా వేధించాయి. అందులోనూ 35-49 ఏళ్లవారిని. 'ఆడవాళ్లు ప్రతిదానికీ మూలుగుతారులే' అనబోయేవారు ఒక్కమాట వినాలి. తలకు కాక కాళ్లకో చేతులకో దెబ్బలు తగిలినవారినీ పక్కన పెట్టి చూశారు. వాళ్లలో ఆ తేడా లేదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. స్కాన్‌లో ఏమీ లేదన్నారు, ఇంటికి తీసుకొచ్చారు. ఆయనకైతే పది రోజులు మంచం, పక్కన మజ్జిగ గ్లాసు. ఆవిడ మర్నాడు తెల్లారకుండానే పొయ్యి దగ్గర! కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తుంది. మిక్సీ చప్పుడుకు చిరాకు పడుతుంది. "ఏటే, ఊరికే అలా కసురుకుంటన్నావ్?" అంటుంది అత్తగారు. నరాల బలహీనత అంటారు, గాలి సోకిందంటారు. మొగుడు గోడకేసి కొట్టిన దెబ్బయితే 'మెట్ల మీంచి జారాను' అని డాక్టరుకు కూడా అబద్ధమే చెబుతుంది.

ఆగని వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, ఫిట్స్ కనబడితే క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అవేవీ లేకున్నా మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి కావాలి. తర్వాత పనులు కొద్దికొద్దిగా. ఇది సలహా కాదు, వైద్యమే.

2005లో 108 వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆస్పత్రికి చేర్చే దారి పడింది. చేరి వచ్చాక అడిగేవారే లేరు. డిశ్చార్జి కాగితం మీద మాత్రల పేర్ల కింద ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయించడానికి ఖర్చెంత? నెల తిరిగాక ఆశా కార్యకర్త ఓసారి వచ్చి అడగాలి: తలనొప్పి తగ్గిందా, నిద్ర పడుతోందా, పేర్లు గుర్తుంటున్నాయా అని. అత్తగారి ఎదురుగా కాదు, పక్కకు పిలిచి.