ఊగుచు తిరుగు కుర్చీ

ఇంటిలోని వస్తువులలో కుర్చీకంటె సామాన్యమైనది లేదని తోచును. నాలుగు కాళ్లు, ఒక పలక, వెన్ను ఆనించుటకొక బల్ల. ఇంతకుమించి దానియందు తెలిసికొనవలసిన దేమున్నదని పలువురు తలంతురు. కాని ఆ కుర్చీయే ముందువెనుకలకు ఊగవలెను, కూర్చున్నవారు లేవకయే నలుదెసలకు తిరుగవలెను అని కోరినప్పుడు అది ఒక యంత్ర మగుచున్నది. నేడు పట్టణములలోని దుకాణములందు ఇట్టి కుర్చీలను బాలింతలకని, వృద్ధులకని విక్రయించుచున్నారు. కొనువారు మెత్తను నొక్కి చూతురు, గుడ్డ రంగును చూతురు, వెల బేరమాడుదురు. కుర్చీని వంచి అడుగుభాగమును పరీక్షించువారు మాత్రము అరుదు. దాని మంచిచెడ్డలన్నియు ఆ అడుగుననే యున్నవని ఈ మాసమున మా సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మొదట ఊగుట యెట్లో చూతము. తంజావూరు బొమ్మను ఎఱుగని బిడ్డలుండరు. దానిని ఎటు పడద్రోసినను మరల లేచి నిలుచును. దాని అడుగు గుండ్రము; బరువంతయు క్రిందనే యుండును. ఊగు కుర్చీకిని ఇదియే సూత్రము. దాని కాళ్ల క్రిందనున్న వంపుబద్దలు ఒక పెద్ద చక్రపు అంచులోని ముక్కలు. ఆ చక్రమును మనస్సులో పూర్తిచేసికొన్నచో దాని నడిబొడ్డు కూర్చున్నవారి మెడకు సమీపమున నుండును. మనిషియు కుర్చీయు కలిసిన బరువంతయు ఒక్కచోట నిలిచినట్లు లెక్కింపదగిన తావును గురుత్వకేంద్ర మందురు. అది సుమారుగా కూర్చున్నవారి పొట్టయొద్ద నుండును. గురుత్వకేంద్రము ఆ నడిబొడ్డునకు క్రింద నున్నంతవఱకు, కుర్చీ వాలినను మరల తన స్థానమునకు వచ్చును. రెండును ఒకే ఎత్తున నున్నచో వాలిన చోటనే నిలిచిపోవును. గురుత్వకేంద్రము ఇంకను పైకెక్కినచో బోల్తాపడును. అందుచేతనే వడ్రంగులు ఆ వంపునకు సాధారణముగా 3 మొదలు 4 అడుగుల వ్యాసార్ధము నుంచుదురు.

ఈ రెండు తావులకు నడుమ ఎడము హెచ్చినకొలది కుర్చీ బిఱుసుగాను, త్వరత్వరగాను ఊగును. తగ్గినకొలది మెల్లగా ఊగును. బిడ్డను జోకొట్టుటకు మెల్లని ఊపే హితము. కాని ఆ మెల్లదనమునకై ఎడమును మరీ తగ్గించినచో అపాయము దాపురించును. కూర్చున్నవారికి నెమ్మదియు, కుర్చీకి నిలుకడయు రెండును చెడకుండ ఆ ఎడము నేర్పఱచుటయే పనివాని నేర్పు. పిల్లవాడు ఊగు కుర్చీలో లేచి నిలిచినప్పుడు తల్లి గుండె ఝల్లుమనుట ఊరకే కాదు. వాడు లేచిన క్షణముననే గురుత్వకేంద్రమును పైకి లేచినది.

ఇక తిరుగుట. ఇది మన ఆడువారికి క్రొత్తది కాదు. తిరుగలియందు క్రిందిరాతి నడుమనున్న మేకు చుట్టును పైరాయి తిరుగును. కుర్చీని ఇట్లు త్రిప్పుకొన్నవారిలో ప్రసిద్ధుడు అమెరికా దేశీయుడగు థామస్ జెఫర్సన్. 1776 ప్రాంతమున ఆయన తన విండ్సరు కుర్చీ ఆసనమును నడుమ నొక ఇనుప కదురుపై తిరుగునట్లు చేయించుకొనెను. ఆ కుర్చీ ఫిలడెల్ఫియా నగరమున అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీవారి యొద్ద భద్రముగా నున్నది.

వాలుటను తిరుగుటను ఒక్క కుర్చీలో కూర్చిన పనితనము 1849లో వెలసినది. థామస్ వారెన్ అనునతడు పోత ఇనుముతోను, వంచిన ఉక్కు స్ప్రింగులతోను ఒక కుర్చీని నిర్మించెను. న్యూయార్కు రాష్ట్రములోని ట్రాయ్ పట్టణమున అది తయారైనది. కూర్చున్నవారు ఎటు వాలినను అది వాలును. ఎటు తిరిగినను తిరుగును. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమున దానిని ఉంచిరి. కాని అమెరికా వెలుపల దానికి ఆదరణము లభింపలేదు. కారణము వినిన మన సోదరీమణులు నవ్వుకొందురు: అది మితిమీరి సుఖముగా నున్నదట! నిటారుగా, గట్టిపలకపై, వెన్ను ఆనించక కూర్చుండుటయే శీలమునకును మర్యాదకును గుర్తని ఆనాటి ఆంగ్లేయ గృహములలో నమ్మకము. అంతకు ముందే 1838లో హారియట్ మార్టినో అను ఆంగ్లరచయిత్రి తన అమెరికా ప్రయాణగ్రంథమున, అచ్చటి స్త్రీలు కుర్చీలలో ఊగుచుండుటను గూర్చి మిక్కిలి అరుచితో వ్రాసినది.

ఈ మాటలు మనకు దూరపు మాటలు కావు. అత్తమామల యెదుట కోడలు కుర్చీపై కూర్చుండుట తప్పని యెంచిన ఇండ్లు మన దేశమునను ఎన్నియో యుండెను. పగలెల్ల నిలువుకాళ్లపై నుండు స్త్రీకి, ప్రసవించి నడుము నొచ్చిన బాలింతకు, వెన్ను ఆనించుకొను చోటు ఒకటి కావలెననుట విలాసము కాదు. అది అవసరమని ఒప్పుకొనిన తరువాత, ఆ చోటు అపాయము లేనిదై యుండవలెనని కోరుటయు న్యాయమే కదా.

ఊగుటయు తిరుగుటయు కలియుటలో నొక చిక్కు కలదు. వంపుబద్దలు నేలపై ఊగు కుర్చీని కూర్చున్నచోటనే త్రిప్పుట సాధ్యము కాదు. పొడవైన రెండు బద్దలును నేల నొరసికొని యడ్డగించును. అదిగాక అవి ఊగునప్పుడు కుర్చీ మెల్లమెల్లగా జరుగును, తివాచీ అరుగును, ప్రక్కనున్నవారి కాలివ్రేళ్లు నలుగును. 1870 తరువాతి దశాబ్దములలో అమెరికాయందు వ్యాపించిన పీఠపు కుర్చీ ఈ చిక్కులను తీర్చినది. దానిలో క్రిందిపీఠము నేలపై కదలక నిలుచును. వంపుబద్దలు ఆ పీఠముపై దొరలును. అవి జాఱిపోకుండ చుట్టల స్ప్రింగులు ఇరుప్రక్కలను పట్టియుంచి, వాలిన ఆసనమును మరల యథాస్థితికి లాగుచుండును. ఊపు నేలను విడిచినది గనుక ఇక పీఠము నడుమ నొక తిరుగుడు నమర్చుట సులభ మైనది.

అయితే ఆ తిరుగుడును ఎచ్చట నమర్చవలెను? స్ప్రింగులకు పైననా, క్రిందనా? ఇది చిన్న ప్రశ్నవలె తోచును గాని కుర్చీ ప్రాణమంతయు ఇందే యున్నది. తిరుగుడు స్ప్రింగులకు పైన నున్నదనుకొందము. కూర్చున్నవారు ప్రక్కకు తిరిగినప్పుడు స్ప్రింగులు తిరుగక పూర్వపు దిక్కుననే యుండును. అప్పుడు వెనుకకు వాలబోయినచో కుర్చీ ఒప్పుకొనదు. ఒక ప్రక్కకు ఒరగుటకు మాత్రము సిద్ధముగా నుండును. ఒడిలో బిడ్డ యున్న తల్లికి ఇంతకంటె కీడేమున్నది? కావున తిరుగుడు క్రిందను, స్ప్రింగులు దానిపైనను, ఆసనము అన్నిటికి పైనను ఉండవలెను. అట్లున్నచో ఎటు తిరిగినను ఊపు కూడ మనతోనే తిరిగి, మన ముందువెనుకలకే ఊగును.

ఆ తిరుగుడు సామాన్యముగా రెండు ఉక్కుపళ్లెములు. వాని నడుమ గాడిలో చిన్న చిన్న ఉక్కుగుండ్లు వరుసగా నుండును. సైకిలు చక్రపు ఇరుసులోను ఇట్టివే యుండును. పళ్లెములు ఒండొంటిని ఒరయక, గుండ్లపై దొరలును గనుక చేతివ్రేలితో నెట్టినను కుర్చీ తిరుగును.

ఇక అన్నిటికి అడుగున నుండు కాళ్లు. మామూలు కుర్చీలో మన వెనుకవైపున ఎల్లప్పుడును రెండు కాళ్లుండును. తిరుగు కుర్చీలో మనము తిరుగుదుము, కాళ్లు తిరుగవు. కావున వాలినప్పుడు మన బరువు ఒక కాలిపైన పడవచ్చును, రెండు కాళ్ల నడిమి ఖాళీవైపునను పడవచ్చును. నడుమనుండి కాలి చివరవఱకు 12 అంగుళములున్నదని లెక్కకు తీసికొందము. నాలుగు కాళ్లే యున్నచో ఖాళీవైపున కుర్చీని నిలుపునది సుమారు 8½ అంగుళములు మాత్రమే. ఐదు కాళ్లున్నచో అది 9¾ అంగుళములకు సమీపించును. గుండ్రని వలయమైనచో ఏవైపునను 12 అంగుళములును దక్కును. కచేరీలలోని తిరుగు కుర్చీలకు ఐదు కాళ్లుండుటయు, ఇండ్లలోని ఊగుచు తిరుగు కుర్చీలకు తఱచుగా వలయముండుటయు ఇందువలననే.

ఇంతవఱకు చెప్పినది గ్రహించిన గృహిణి దుకాణమున తానే పరీక్ష చేయవచ్చును. మొదట కుర్చీలో కూర్చుండి వెనుకకు వాలి చూడవలెను. పిదప పావుచుట్టు చొప్పున తిరుగుచు, ప్రతి దిక్కునను మరల వాలవలెను. ఏవైపుననైనను క్రిందిపీఠము నేలనుండి లేచినచో ఆ కుర్చీని కొనరాదు. వాలుటకు ఒక హద్దుండవలెను. ఆ హద్దు రబ్బరుదిమ్మవలె మెత్తగా తగులవలెను గాని ఇనుము ఇనుమును కొట్టినట్లుండరాదు. తరువాత ఆసనపు అంచునకు వచ్చి, చేతులపై బరువుంచి లేవవలెను. వృద్ధులు లేచునది అట్లే. ఆ సమయమున కుర్చీ ముందునకు ఒరగుటయో, చటుక్కున ప్రక్కకు తిరుగుటయో తటస్థించినచో అది మోకాళ్ల నొప్పిగల పెద్దలకు తగదు. తిరుగుటను ఊగుటను ఆపు గడియ యున్నదే వారికి తగినది. చివరకు కుర్చీని వంచి అడుగు చూడవలెను. ఊగునప్పుడు కలిసికొను బద్దల సందున చంటిపిల్లల వ్రేళ్లు దూరునట్లున్నచో, ఆ సందు కప్పియున్న దానినే యెంచుకొనవలెను.

ఇంటికి తెచ్చిన పిదప దానికి తగిన చోటు కల్పింపవలెను. కుర్చీని పూర్తిగా వాల్చి, నడుమనుండి దూరపు మూలవఱకు కొలిచి, ఆ కొలతతో ముగ్గుపిండితో నేలపై వృత్తము గీయుడు. గోడ, దీపము, వేడిపాలగిన్నె ఉంచు బల్ల, పిల్లలు ఆడుకొను చాప, ఇవి యన్నియు ఆ ముగ్గునకు వెలుపల నుండవలెను. ఆరుమాసముల కొకసారి మరలను బిగింపుడు. కిఱ్ఱుమన్నప్పుడు కొబ్బరినూనె పోయుట మన ఇండ్లలో వాడుక. అది చలికి పేరుకొని దుమ్మును పట్టుకొనును. యంత్రములకు వాడు గ్రీజును కొంచెముగా పూయుటయే మేలు. కిఱ్ఱుమనుట ఆగక, కుర్చీ ఒకవైపునకే ఒరగుచున్నచో స్ప్రింగు విఱిగినదేమో చూపింపవలెను.

బాలింతలకు ఒక్కమాట. మెల్లని ఊపు బిడ్డకే కాక తల్లికిని నిద్ర తెచ్చును. అమెరికా శిశువైద్యుల సంఘమువారు 2022లో ప్రకటించిన సూచనలలో, శిశువుతో సోఫాలోగాని చేతులకుర్చీలోగాని నిద్రపోవుట మిక్కిలి అపాయకరమని హెచ్చరించిరి. శిశువు జాఱి మెత్తలనడుమ చిక్కి ఊపిరాడక పోవచ్చును. కన్ను మూతపడుచున్నదని తోచగానే బిడ్డను గట్టి చదునైన పక్కపై వెల్లకిల పరుండబెట్టుడు. లేక ఇంటిలోనివారిని పిలిచి వారి చేతికిండు. రాత్రి పాలిచ్చు వేళ తల్లికి ఒకరు తోడుండుట ఇంటివారి ధర్మము. ఎంత నేర్పుగా చేసిన కుర్చీయైనను ఆ తోడు కాజాలదు.