సంఘ విచారణలో సొంత సంబంధము

ఆటల క్లబ్బునుండి తొలగింపబడినవాడు ఆటను మాత్రమే కోల్పోవును. పరపతి సంఘమునుండి తొలగింపబడిన రైతు పంట ఋణముకొరకు మరల షాహుకారు గుమ్మము త్రొక్కవలసి వచ్చును. కావున సభ్యునిపై ఆరోపణ వచ్చినప్పుడు విచారించువా రెవరను ప్రశ్న మనకు చిన్నది కాదు.

క్లబ్బుల కలహములనుండి మనము గ్రహింపవలసినది కొంత కలదు. హైదరాబాదులో ఫలక్‌నుమా మొదలు ఉప్పల్ వరకు క్రికెట్ ఆడని వీధి యరుదు. ఆ యాటను నడపు హైదరాబాదు క్రికెట్ సంఘమున 2021 జూన్‌లో కార్యవర్గమువారు తమ అధ్యక్షులగు మహమ్మద్ అజారుద్దీన్ గారిని స్వప్రయోజనము మొదలగు ఆరోపణలపై పదవినుండి నిలిపివేసిరి. జూలైలో ఆ సంఘపు అంబుడ్స్‌మన్ ఆ యుత్తరువును త్రోసివేసి, కార్యవర్గములోని ఐదుగురిని తాత్కాలికముగా అనర్హులను జేసిరి. ఆ అంబుడ్స్‌మన్ నియామకమే యప్పటికి వివాదగ్రస్తము! ధర్మ మెవరి పక్షమున నున్నదో చెప్పుట మా పని కాదు. విచారించువారిపై నమ్మకము లేనిచోట ఏ తీర్పును నిలువలేదు. తుదకు 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సంఘ వ్యవహారములను చక్కదిద్దుటకు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారిని ఏకసభ్య కమిటీగా నియమించెను.

"నా విషయము వచ్చినప్పుడు నేను లేచి బయటికి పోయితిని గదా" యని కొందరు సమాధానము చెప్పుదురు. ఇది చాలదు. జమ్మూ కాశ్మీరములో అటవీ ఉద్యోగముల ఎంపిక జరిగినప్పుడు ఒక అధికారి తానే అభ్యర్థియై యుండియు ఎంపిక సంఘములో సభ్యుడుగా కూర్చుండెను. తన పేరు వచ్చినపుడు ఆయన తొలగెను. పోటీదారుల పేర్లు వచ్చినపుడు మాత్రము కదలలేదు. క్రైపాక్ కేసులో 1969లో సుప్రీంకోర్టు ఆ యెంపికను కొట్టివేసెను. మన యూళ్లలో జరుగునది తరచు నిదియే: ఎన్నికలలో ఓడించిన ప్రత్యర్థిపై విచారణకు గెలిచినవాడే అధ్యక్షత వహించును.

మన కృష్ణా జిల్లా బస్సుల తగవు ఇంకొక సంగతి తెలుపును. ప్రైవేటు బస్సుల యజమానుల ఆక్షేపణలను రవాణా శాఖ కార్యదర్శియే వినెను. తీర్పు చెప్పినవారు ముఖ్యమంత్రి. ఒక పక్షపు శాఖాధిపతి విచారించుట, విన్నవాడొకడు తీర్చువాడొకడు అగుట, రెండును తగవని గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో 1958లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఫిర్యాదు వ్రాసిన కార్యదర్శిచేతనే సాక్ష్యములు తీయించు సంఘములు దీనిని గమనింపవలెను.

గ్రామములో అందరును బంధువులే గదా, ఇక విచారించు వారెవరని యడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దూరపు చుట్టరికము అడ్డు కానక్కరలేదు. గట్టు తగాదా, బాకీ, ఎన్నికల పోటీ, ఒకే కుటుంబము, ఇవి యున్నచో ఆ సభ్యుడు విచారణ యారంభమునకు ముందే తెలిపి, గది విడిచి, తుదివరకు రాకుండవలెను. అట్లు తొలగినవారి పేరును కారణమును తీర్మానముల పుస్తకములో వ్రాయవలెను. తగినంతమంది మిగులనిచో, తగవు 1964 నాటి సహకార సంఘముల చట్టము 61వ సెక్షను క్రిందికి వచ్చునదైన యెడల రిజిస్ట్రారు నొద్దకు పోవచ్చును.

ఇట్టి ఉపనిబంధనను తగవు లేనినాడే చేసికొనుట మేలు. పుట్టిన పిదప తెచ్చినది ఎవరికొరకో తెచ్చినట్లే కనుపించును. రాబోవు మహాజనసభ కార్యక్రమములో దీనిని చేర్పవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.